మీరు అనకుండానే 'సరే' అయిపోయినవి: సోషల్ మీడియా సెట్టింగులను దారికి తెచ్చుకోవడం ఎలా?

వాట్సాప్‌లో మీ నంబరు తెలిసిన ఏ అపరిచితుడైనా మిమ్మల్ని తనకు నచ్చిన గ్రూపులో చేర్చేయవచ్చు. చేర్చమని మీరెప్పుడూ చెప్పలేదు. వద్దని చెప్పలేదు, అంతే. అదే వాట్సాప్‌లో మీ ఖాతాను ఇంకొకరు కాజేయకుండా ఆరంకెల పిన్ పెట్టుకునే సౌకర్యం 2017 నుంచీ ఉంది. అది మాత్రం మీరు వెతుక్కుంటూ వెళ్ళి ఆన్ చేసేదాకా పని చేయదు.

మొదటి పద్ధతిని ఆప్ట్-అవుట్ అంటారు: మీరు వెళ్ళి ఆపితే తప్ప నడుస్తూనే ఉంటుంది. రెండోది ఆప్ట్-ఇన్: మీరు ఒప్పుకుంటే తప్ప మొదలుకాదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఈ కంపెనీల లెక్కలో అది పూర్ణాంగీకారం.

ఏ స్విచ్ ఆన్‌లో ఉంచాలో, ఏది ఆఫ్‌లో ఉంచాలో కంపెనీలు ఊరికే నిర్ణయించవు. తమకు లాభం ఉన్నది ఆన్‌లో ఉంటుంది, మీకు మాత్రమే లాభం ఉన్నది ఆఫ్‌లో ఉంటుంది. నూటికి నూరుపాళ్ళు కాదు గానీ, చాలావరకు ఇంతే. ఈ మౌనానికి ఎంత విలువ ఉందో ఒకసారి బయటపడింది కూడా. ఐఫోన్‌లో ఒక యాప్ మిమ్మల్ని ఇతర యాప్‌లలో, వెబ్‌సైట్లలో వెంబడించకూడదంటే ఒకప్పుడు మీరే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆపుకోవాల్సి వచ్చేది. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్‌ను నడిపే ఐఓఎస్ 14.5 సాఫ్ట్‌వేర్‌తో ఆపిల్ దీన్ని తిరగేసింది. వెంబడించాలనుకునే యాప్ ముందుగా అడిగి తీరాలంది. జనం ఇష్టాయిష్టాలు రాత్రికి రాత్రి మారిపోలేదు, అడిగే తీరు మారింది. ఆ దెబ్బకు 2022లో తమ ఆదాయం సుమారు 1,000 కోట్ల డాలర్లు తగ్గుతుందని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా స్వయంగా అంచనా చెప్పింది.

కాబట్టి సెట్టింగులు సరిచేయడానికి కూర్చున్నప్పుడు రెండు పనులు ఉంటాయి. మీ మేలు కోసం ఉండి ఆఫ్‌లో పడి ఉన్నవాటిని ఆన్ చేయడం ఒకటి, కంపెనీ మేలు కోసం ఆన్‌లో ఉన్నవాటిని ఆపడం రెండోది. చాలామంది రెండోదానితో మొదలుపెట్టి, ప్రకటనల దగ్గర విసిగిపోయి వదిలేస్తారు. మీరు మొదటిదానితో మొదలుపెట్టండి. ప్రకటన మీ వెంట పడితే చిరాకు మాత్రమే, ఖాతా పోతే డబ్బూ పరువూ రెండూ పోతాయి.

పనిలోకి దిగే ముందు

యాప్‌లను అప్‌డేట్ చేసుకోండి. మెనూల పేర్లు, అవి ఉండే చోట్లు తరచూ మారుతుంటాయి. కింద చెప్పిన దారి మీ ఫోనులో అచ్చం అలాగే కనిపించకపోతే, యాప్ సెట్టింగ్స్ పైభాగంలో ఉండే వెతికే గడిలో ఆ మాట టైప్ చేయండి. మీ ఫోను భాష తెలుగు అయితే మెనూలు కూడా తెలుగులోనే వస్తాయి. ప్రైవసీ అన్నచోట 'గోప్యత' అని ఉంటుంది, వెతకడం కూడా ఆ మాటతోనే వెతకాలి. దేన్నైనా మార్చే ముందు ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత ఏదైనా పనిచేయడం లేదనిపిస్తే వెనక్కి మార్చుకోవచ్చు.

మొదటి మెట్టు: ఆఫ్‌లో ఉన్న రక్షణలను ఆన్ చేయండి

వాట్సాప్‌తో మొదలుపెడదాం. సెట్టింగ్స్‌లో అకౌంట్ తెరిచి, టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, ఆరంకెల పిన్ ఇవ్వండి. పుట్టినరోజు, బండి నంబరు వద్దు. ఈమెయిల్ అడుగుతుంది, దాన్ని దాటేయకండి. పిన్ మరిచిపోతే తిరిగి లోపలికి రావడానికి అదే దారి. 'పొరపాటున నా కోడ్ మీ నంబరుకు వచ్చింది, కాస్త చెప్పండి' అని తెలిసినవాళ్ళ పేరుతో వచ్చే మెసేజ్‌ను నమ్మి ఎస్ఎంఎస్ కోడ్ చెప్పేసినా, ఈ పిన్ ఉంటే దొంగ గడప దగ్గరే ఆగిపోతాడు. పిన్ లేని ఖాతాను వాడు పట్టుకుని, తనే ఒక పిన్ పెట్టేశాడనుకోండి. మీ నంబరును మీరు వాడు పెట్టిన పిన్ లేకుండా తిరిగి తెచ్చుకోవడానికి 7 రోజులు ఆగాల్సి వస్తుంది. ఆలోగా మీ మేనత్తనూ మేనమామనూ ఎంత అప్పు అడుగుతాడో వాడి ఇష్టం.

తర్వాత బ్యాకప్. వాట్సాప్ సంభాషణలు మొదటినుంచి చివరిదాకా ఎన్‌క్రిప్షన్‌లో, అంటే పంపినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చదవలేని రూపంలో ఉంటాయని అందరికీ తెలుసు. వాటి నకలు గూగుల్ డ్రైవ్‌లోకో ఐక్లౌడ్‌లోకో వెళ్ళినప్పుడు ఆ రక్షణ దానంతటదే వెంట వెళ్ళదు. బ్యాకప్‌కు కూడా అదే స్థాయి ఎన్‌క్రిప్షన్ 2021 అక్టోబరులో వచ్చింది, అదీ ఆప్ట్-ఇన్‌గానే. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, దాని అడుగున ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్. ఒక హెచ్చరిక: ఇక్కడ పెట్టిన పాస్‌వర్డ్‌నో 64 అంకెల తాళంచెవినో పోగొట్టుకుంటే వాట్సాప్ కూడా ఏమీ చేయలేదు. రాసి భద్రం చేసుకోగలనన్న నమ్మకం ఉంటేనే ఆన్ చేయండి.

వాట్సాప్ సెట్టింగ్స్‌లోని ప్రైవసీ మెనూలో కాల్స్ అనే చోట, తెలియని నంబర్ల కాల్స్‌ను నిశ్శబ్దంగా ఉంచే స్విచ్ ఉంది. ఇది వాట్సాప్ కాల్స్‌కే వర్తిస్తుంది, మామూలు ఫోన్ కాల్స్‌కు కాదు. ఫోను మోగదు, వచ్చిన కాల్ మాత్రం జాబితాలో కనిపిస్తుంది. విదేశీ నంబర్ల నుంచి వచ్చే వాట్సాప్ కాల్స్ బెడద ఉన్నవాళ్ళకు ఇది వరం.

ఫేస్‌బుక్‌లో అయితే ప్రొఫైల్‌కు తాళం. మన దేశంలో, ముఖ్యంగా మహిళలను దృష్టిలో పెట్టుకుని, 2020 మేలో తెచ్చిన సౌకర్యం ఇది. మీ ప్రొఫైల్ పేజీలో మూడు చుక్కలు నొక్కి లాక్ ప్రొఫైల్ ఎంచుకోండి. స్నేహితులు కానివాళ్ళకు మీ పోస్టులు కనబడవు, ప్రొఫైల్ ఫోటోను పెద్దదిగా చేసి చూడటం కుదరదు. పాత 'పబ్లిక్' పోస్టులు కూడా స్నేహితులకు మాత్రమే పరిమితమవుతాయి. ఇంత ఉపయోగం ఉన్నదాన్ని మొదటినుంచే అందరికీ ఆన్ చేసి ఎందుకు ఇవ్వలేదంటారా? తాళం వేసిన ప్రొఫైళ్ళు ఎక్కువైతే చూసేందుకు తక్కువ మిగులుతుంది. జవాబు అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ (పాత ట్విటర్) మూడింటిలోనూ టూ-ఫ్యాక్టర్ అథెంటికేషన్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రక్షణ, ఆన్ చేయండి. వీలైతే ఎస్ఎంఎస్ బదులు, ఫోనులోనే ఆ కోడ్ తయారుచేసే అథెంటికేటర్ యాప్ వాడండి. ఎస్ఎంఎస్ కంటే అది భద్రం. ఇంకో కారణమూ ఉంది. భద్రత కోసమని ఇచ్చిన ఫోను నంబర్లను ఫేస్‌బుక్ ప్రకటనలకు కూడా వాడుకుందని 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. ఆ ఏడాది ఫేస్‌బుక్‌పై పడిన 500 కోట్ల డాలర్ల జరిమానాకు దారితీసిన అంశాల్లో అదీ ఒకటి. అదే పనికి 2022లో ట్విటర్ 15 కోట్ల డాలర్లు కట్టింది. తలుపుకు గొళ్ళెం పెట్టించుకుందామని పిలిస్తే, వచ్చినవాడు ఇంటి సామాన్ల జాబితా రాసుకుపోయినట్టయింది.

టెలిగ్రామ్ వాడేవాళ్ళకు ఒక్క మాట. అందులో మామూలు చాట్స్‌కు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉండదు. అది కావాలంటే ఆ వ్యక్తితో విడిగా 'సీక్రెట్ చాట్' తెరవాలి.

రెండో మెట్టు: మిమ్మల్ని ఎవరు కనిపెట్టగలరో తేల్చుకోండి

ముందుగా గ్రూపుల గొడవ. వాట్సాప్ సెట్టింగ్స్, ప్రైవసీ, గ్రూప్స్. అక్కడ 'ఎవ్రీవన్' అని ఉంటే 'మై కాంటాక్ట్స్' అని మార్చండి. కాంటాక్టుల్లోనే కొందరు ప్రతి వేడుకకూ ఒక గ్రూపు పెట్టే రకమైతే, వాళ్ళను మాత్రం మినహాయించే ఎంపిక కూడా ఉంది. ఇలా చేశాక తెలియనివాళ్ళు మిమ్మల్ని నేరుగా చేర్చలేరు, విడిగా ఆహ్వానం పంపాలి. దానికి మీరు 3 రోజుల్లో స్పందించకపోతే అది చెల్లదు. షేర్ల చిట్కాలు, ఇంట్లో కూర్చుని సంపాదన అంటూ తెలియనివాళ్ళు నడిపే గ్రూపుల్లోకి జనాన్ని లాగే మోసాలకు ఈ ఒక్క మార్పు చాలావరకు అడ్డుకట్ట వేస్తుంది. ఇప్పటికే అలాంటి గ్రూపును నమ్మి డబ్బు పంపి ఉంటే, సెట్టింగులు తర్వాత చూసుకోవచ్చు. ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఫేస్‌బుక్‌లో 'హౌ పీపుల్ ఫైండ్ అండ్ కాంటాక్ట్ యు' అనే పేజీ తెరవండి. మీ ఫోను నంబరుతో మిమ్మల్ని ఎవరు వెతకవచ్చు అన్నచోట 'ఫ్రెండ్స్' లేదా 'ఓన్లీ మీ' పెట్టండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. 2021 ఏప్రిల్‌లో 53 కోట్ల మందికి పైగా ఫేస్‌బుక్ వినియోగదారుల వివరాలు, ఫోను నంబర్లతో సహా, ఇంటర్నెట్‌లో బయటపడ్డాయి. ఎవరూ తాళాలు పగలగొట్టలేదు. నంబరు ఇస్తే మనిషిని చూపించే కాంటాక్టుల సౌకర్యాన్నే అడ్డం పెట్టుకుని 2019 సెప్టెంబరుకు ముందు తోడుకున్నారని కంపెనీయే చెప్పింది.

అదే పేజీలో మీ స్నేహితుల జాబితాను ఎవరు చూడవచ్చో కూడా ఉంటుంది. దీన్ని 'ఓన్లీ మీ' చేయమని నేను గట్టిగా చెబుతాను. మీ ఫోటో, పేరు తీసుకుని నకిలీ ఖాతా తెరిచి, 'ఆసుపత్రిలో ఉన్నాను, అర్జెంటుగా ఫోన్‌పే చేయండి' అని మీ వాళ్ళకు మెసేజ్‌లు పంపే మోసం తెలుగునాట అందరికీ తెలిసిందే. ఫోటో, పేరు ఎక్కడైనా దొరుకుతాయి. ఎవరిని అడగాలో చెప్పేది మాత్రం ఈ జాబితానే.

ఇక కాంటాక్టుల అప్‌లోడ్. మీ ఫోనులోని నంబర్లన్నీ కంపెనీకి పంపడానికి ఎప్పుడో ఒకసారి 'అలౌ' నొక్కి ఉంటారు. మెటా యాప్‌లలో అకౌంట్స్ సెంటర్ తెరిచి, 'యువర్ ఇన్ఫర్మేషన్ అండ్ పర్మిషన్స్'లో 'అప్‌లోడ్ కాంటాక్ట్స్' చూడండి. దాన్ని ఆపి, ఇప్పటికే పంపినవాటిని తొలగించే ఎంపిక ఉంటే అదీ వాడండి. అంతటితో సరిపెట్టకుండా ఫోను సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్‌కు వెళ్ళి, కాంటాక్టులు చూసే అనుమతి ఏయే యాప్‌లకు ఉందో చూసి అక్కర్లేనివాటికి తీసేయండి. మిగతా సెట్టింగులు మీ సొంత వ్యవహారం. ఇది కాదు. పాలవాడి నంబరు, డాక్టరుగారి సొంత నంబరు, పెళ్ళి సంబంధం కోసం ఎవరో ఇచ్చిన నంబరు, వీళ్ళందరి తరఫునా మీరే 'సరే' అన్నారు.

మూడో మెట్టు: ప్రకటనల వేట

దీన్ని త్వరగా ముగిద్దాం, ఎందుకంటే ఇక్కడ గెలుపు సగమే. మెటా అకౌంట్స్ సెంటర్‌లో 'యాక్టివిటీ ఆఫ్ మెటా టెక్నాలజీస్' అనే చోట, మీరు ఏయే దుకాణాల వెబ్‌సైట్లు, యాప్‌లు చూశారో ఫేస్‌బుక్‌కు చేరిన చిట్టా ఉంటుంది. ఒకసారి తెరిచి చదవండి. మందుల దుకాణం, అప్పుల యాప్, విమాన టిక్కెట్లు, ఎవరెవరు మీ గురించి చెప్పారో పేర్లతో కనిపిస్తుంది. ఆ చిట్టాను తుడిచి, ఇకమీదట ఖాతాకు జతపడకుండా ఆపండి.

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోని గూగుల్ విభాగం, అందులో యాడ్స్ తెరిచి, అడ్వర్టైజింగ్ ఐడీని (ప్రకటనల కోసం మీ ఫోనుకిచ్చిన గుర్తింపును) డిలీట్ చేయండి. ఐఫోన్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'లో ట్రాకింగ్ తెరిచి, యాప్‌లు అసలు అడగనే కూడదని ఒకే స్విచ్‌తో చెప్పేయవచ్చు. ప్రకటనల సంఖ్య మాత్రం తగ్గదు. మీరు నిన్న చూసిన చీర బదులు ఎవరికీ అక్కర్లేని మిక్సీ కనిపిస్తుంది, అంతే తేడా.

నాలుగో మెట్టు: మీ రాతలు, ఏఐ చదువులు

ఇటీవలి ఆప్ట్-అవుట్ స్విచ్‌లు ఎక్కువగా చప్పుడు లేకుండా వచ్చింది ఇక్కడే. లింక్డ్‌ఇన్ 2024 సెప్టెంబరులో, సభ్యుల సమాచారంతో ఏఐని తర్ఫీదు చేసే స్విచ్‌ను ఆన్‌లో పెట్టే తెచ్చింది. యూరోపియన్ యూనియన్ దేశాలవాళ్ళను అప్పట్లో ఇందులోంచి మినహాయించింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే అన్న ఖాతాలో ఆ స్విచ్ ఆన్, యూరప్‌లోని డబ్లిన్‌లో ఉద్యోగం చేసే తమ్ముడి ఖాతాలో అప్పుడు అసలు లేదు. యాప్ ఒకటే, కంపెనీ ఒకటే, తేడా చట్టానిది. 2025 నవంబరులో అది యూరప్‌కూ పాకింది, అక్కడా ఆప్ట్-అవుట్ రూపంలోనే. ఆపాలంటే సెట్టింగ్స్‌లో 'డేటా ప్రైవసీ', అందులో 'డేటా ఫర్ జెనరేటివ్ ఏఐ ఇంప్రూవ్‌మెంట్'. ఈ రోజు ఆపితే ఈ రోజు నుంచే, అప్పటికే జరిగిన తర్ఫీదు వెనక్కి పోదు. అందుకే దీన్ని వాయిదా వేయకండి.

ఎక్స్‌లో 'ప్రైవసీ అండ్ సేఫ్టీ' కింద, అక్కడి ఏఐ అయిన గ్రోక్ పేరుతో ఇలాంటిదే ఉంది. 2024 జులైలో జనం దాన్ని గమనించేసరికి అది ఆన్‌లో ఉంది. ఐర్లండ్ డేటా రక్షణ సంస్థ కోర్టుకెక్కడంతో, యూరప్ వాసుల పోస్టులను వాడటం ఆపుతామని ఆగస్టులో ఎక్స్ ఒప్పుకుంది. మన పోస్టుల సంగతి మనమే చూసుకోవాలి. టిక్ తీసేయండి.

మెటా విషయంలో అసలు స్విచ్చే లేదు. 2025 మేలో యూరప్‌లో ఏఐ తర్ఫీదు మొదలుపెట్టేముందు అక్కడివాళ్ళకు అభ్యంతరం చెప్పే ఫారం ఇచ్చింది. మనకు అలాంటి స్విచ్ ఇవ్వలేదు. పోస్టుల వరకు పెద్దల ఖాతాల్లో 'పబ్లిక్'గా పెట్టినవే అది వాడుతుంది కాబట్టి, మన చేతిలో ఉన్నది పోస్టులను ఎవరు చూడవచ్చో మార్చడం ఒక్కటే. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో ఇకపై రాసేవాటికి 'ఫ్రెండ్స్' పెట్టండి, పాత పోస్టులన్నిటినీ ఒకేసారి పరిమితం చేసే 'లిమిట్ పాస్ట్ పోస్ట్స్' నొక్కండి. మెటా ఏఐతో చేసే సంభాషణలను కూడా 2025 డిసెంబరు నుంచి ప్రకటనల ఎంపికకు వాడుతోంది. ఆపే స్విచ్ లేని చోట ఉన్న ఏకైక సెట్టింగు మీ నోరే. ఆరోగ్యం, అప్పులు, కుటుంబ కలహాల గురించి దానితో మాట్లాడకండి.

ఉన్న స్విచ్ మాయమైపోవడం కూడా మనం చూశాం. 2016 ఆగస్టులో వాట్సాప్ తన సమాచారాన్ని ఫేస్‌బుక్‌తో పంచుకుంటానన్నప్పుడు, పాత వినియోగదారులు ప్రకటనల కోసం వాడుకోవద్దని చెప్పడానికి 30 రోజుల గడువిచ్చింది. 2021లో కొత్త విధానం తెచ్చినప్పుడు ఆ వెసులుబాటు లేదు. ఒప్పుకో, లేదా వెళ్ళిపో. దీనిమీదే, మార్కెట్లో పోటీని పర్యవేక్షించే మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

ఐదో మెట్టు: పిల్లల ఖాతాలు

ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో టీన్ ఖాతాలు మొదలుపెట్టింది, 2025లో మన దేశానికీ తెచ్చింది. ఖాతా ప్రైవేటుగానే మొదలవుతుంది, తెలియనివాళ్ళు మెసేజ్‌లు పంపలేరు. 16 ఏళ్ళలోపువాళ్ళు వీటిని సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. డిఫాల్ట్, అంటే కంపెనీ ముందే పెట్టి ఇచ్చే సెట్టింగు, వినియోగదారుడి వైపు మొగ్గిన అరుదైన సందర్భమిది. కాకపోతే ఇదంతా పుట్టిన సంవత్సరం మీద ఆధారపడి ఉంది. పదమూడేళ్ళ పిల్లకు పంతొమ్మిదేళ్ళని రాసి ఖాతా తెరిచిస్తే ఈ రక్షణలన్నీ ఎగిరిపోతాయి. కాబట్టి ముందు చేయాల్సింది ఆ తేదీ సరిచేయడం.

ఏవి ముట్టుకోనక్కర్లేదు?

అన్నీ ఆపేయడమే తెలివి అనుకోకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలో పచ్చళ్ళో అమ్ముకునేవాళ్ళు ఖాతాను ప్రైవేటు చేస్తే వ్యాపారం మూతపడుతుంది. వాళ్ళు చూసుకోవాల్సింది తమ రీల్స్‌ను ఇతరులు డౌన్‌లోడ్ చేసుకునే అనుమతిని. పబ్లిక్ ఖాతాల్లో అది 'షేరింగ్ అండ్ రీయూజ్' కింద ఉంటుంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు లింక్డ్‌ఇన్‌లో దాక్కుంటే ప్రయోజనం లేదు. నీలం టిక్కులు, చివరిసారి చూసిన సమయం లాంటివి మర్యాదకు సంబంధించిన విషయాలు, మీ ఇష్టం.

ఆరో మెట్టు: కొత్తగా అడిగినప్పుడు

అప్‌డేట్ తర్వాత తెర మీదికి వచ్చే పెట్టెను చదవడం నేర్చుకోవాలి. 'అంగీకరిస్తున్నాను' ముదురు రంగులో పెద్దగా, 'ఇప్పుడు కాదు' సన్నగా బూడిద రంగులో ఉంటుంది. 'ఇప్పుడు కాదు' అంటే వద్దని కాదు, మళ్ళీ అడుగుతామని. 'మరిన్ని ఎంపికలు' లేదా 'మేనేజ్' అనే మాట కనిపిస్తే అదే నొక్కండి, అసలు 'వద్దు' తరచుగా దాని వెనక ఉంటుంది. ముందే టిక్ పెట్టిన గడి అంగీకారం కాదని యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2019 అక్టోబరులో తేల్చింది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అంగీకారం స్పష్టమైన చర్య ద్వారానే ఉండాలంటుంది. ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకోగలగాలంటుంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళ పరిస్థితి వేరు. అక్కడి చట్టం ప్రధానంగా ఆప్ట్-అవుట్ పద్ధతిదే, వెబ్‌సైట్ల అడుగున ఉండే 'డు నాట్ సెల్ ఆర్ షేర్' లింకును వాళ్ళే వెతికి నొక్కాలి.

ఇంట్లో పెద్దవాళ్ళ ఫోనులో

ఈ పనులన్నీ అమ్మానాన్నల ఫోనులోనూ చేయాలనిపిస్తుంది, చేయండి. అయితే ఫోను లాక్కుని చకచకా మార్చేసి తిరిగి ఇవ్వకండి. అలా చేస్తే మీరూ కంపెనీ చేసిన పనే చేసినట్టు. పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కోటి ఎందుకో చెప్పి, ఆ స్విచ్ వాళ్ళతోనే నొక్కించండి. వాళ్ళకు పిన్, గ్రూపులు, స్నేహితుల జాబితా, ప్రొఫైల్ తాళం, ఈ నాలుగు చాలు. పిన్ వాళ్ళకు నచ్చిన అంకెలతో వాళ్ళే పెట్టుకోవాలి, ఎందుకంటే వాట్సాప్ దాన్ని మధ్యమధ్యలో అడుగుతూ ఉంటుంది, అప్పుడు మీరు పక్కన ఉండరు. అంకెలను ఫోను కవరు వెనక కాకుండా, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం ఉండే చోట కాగితం మీద రాసి పెట్టమనండి.